చేతిని తప్పుపట్టే ముందు తూకం చూడండి



"ఈ వయసులో మీకు కారు ఆటలెందుకండీ?" అని మన వాళ్లు కొందరు అడిగారు. ఆడేది మేము కాదు, మా మనవడు. మేము చూసేది ఆ స్టీరింగు చక్రాన్ని. పిల్లలకు ఇలాంటి చక్రం కొనిపెట్టిన ఇళ్లు మన కోయంబత్తూరు సభ్యుల్లోనే నాలుగైదు ఉన్నాయి. అందుకే మేము తెలుసుకున్నది రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాస్తాము, ఓపికగా చదవండి.

ఈ చక్రం లోపల ఒక మోటారు ఉంటుంది. ఆటలో కారు మలుపు తిరిగినప్పుడు ముందు టైర్ల మీద పడే బలాన్ని కంప్యూటరు లెక్కకట్టి, ఆ మోటారుతో మన చేతిని లాగిస్తుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. నిజం కారులో కూడా మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా రావాలని చూస్తుంది కదా, అదే ఈ లాగుడు. ముఖ్యమైన సంగతి ఒకటుంది. టైరు పట్టు చివరికి వచ్చేటప్పుడు, పూర్తిగా జారకముందే, ఆ లాగుడు తగ్గడం మొదలవుతుంది. చక్రం తేలికవుతుంది. మంచి డ్రైవరు ఆ తేలికను చేతితో పసిగట్టి వేగం తగ్గిస్తాడు.

మా మనవడికి పదిహేనేళ్లు. చెట్టిపాలెంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది కదా, అక్కడ ఒకరోజు రేసు కారు తోలాలని వాడి ఆశ. దానికి కావలసిన డబ్బు మా దగ్గర లేదు. వాడి ట్రాకంతా ఇంట్లో బల్ల మీదే. ఆరు నెలలు ఆడాక వాడు చక్రం విప్పి అట్టపెట్టెలో పెట్టేశాడు. "కారు జారబోతుందని నా స్నేహితులకు ముందే తెలుస్తుంది తాతా. నాకు జారినాకే తెలుస్తుంది. నా చేతికి ఆ తెలివి లేదు" అన్నాడు. వాళ్ల నాన్నేమో అప్పు చేసైనా పెద్ద చక్రం కొనిస్తానన్నాడు. రెండు నెలల ఇంటి అద్దెంత ఖర్చు.

మేము రైల్వేలో చాలా ఏళ్లు పార్సెల్ ఆఫీసులో పనిచేశాము. వంద కిలోల కాటా మీద నూట ఇరవై కిలోల మూట పెట్టినా, నూట యాభై పెట్టినా ముల్లు వంద దగ్గరే ఆగుతుంది. ఆ రెండు మూటల తేడా కాటాకు తెలియదు. అలాగే పాత కాటా మీద చిన్న పొట్లం పెడితే ముల్లు కదలనే కదలదు. చక్రానికీ సరిగ్గా ఈ రెండు జబ్బులే.

మొదటి జబ్బును క్లిప్పింగ్ అంటారు. గేర్లతో నడిచే మామూలు చక్రాలు సుమారు 2 న్యూటన్ మీటర్ల బలం ఇస్తాయి. ఆట అంతకు మించి అడిగితే మోటారు తన హద్దు దగ్గరే నిలిచిపోతుంది. మా వాడు బలంగా లాగితేనే నిజం కారులా ఉంటుందని గెయిన్ పైదాకా పెంచి పెట్టాడు. దాంతో మలుపంతా ఒకే లాగుడు. టైరు జారబోతూ బలం తగ్గినా, అది ఇంకా మోటారు హద్దుకు పైనే ఉంటే చేతికి ఏం తెలుస్తుంది? అసెట్టో కోర్సా ఆటలో పెడళ్ల గుర్తుల పక్కన ఈ బలానికీ ఒక గీత ఉంటుంది. హద్దు దాటితే ఎర్రబడుతుంది. మా వాడికి ప్రతి పెద్ద మలుపులోనూ ఎరుపే. ట్రాకు అంచు ఎక్కినప్పుడు మాత్రమే ఒక్క క్షణం ఎర్రబడేదాకా గెయిన్ తగ్గించాము.

బలం తగ్గించగానే రెండో జబ్బు బయటపడింది. నడిమధ్యన చిన్న బలాలకు చక్రం కదలదు. దీన్ని డెడ్‌జోన్ అంటారు. దీనికి వీల్‌చెక్ అని ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. అది బలాన్ని మెట్టు మెట్టుగా పెంచుతూ, చక్రం ఎంత కదిలిందో రాసుకుంటుంది. కాటా మీద తూకపు రాళ్లు ఒక్కొక్కటే పెట్టి పరీక్షించినట్టే. ఆ లెక్కతో సవరణ పట్టిక తయారుచేసి ఆటకు ఇవ్వవచ్చు. పట్టిక వద్దనుకుంటే మినిమమ్ ఫోర్స్ అనే సెట్టింగును కొంచెం కొంచెంగా పెంచి చూడాలి. ఎక్కువ పెంచితే నేరు దారిలో కూడా చక్రం అటూ ఇటూ ఊగుతుంది. అక్కడినుంచి ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఇంకా మూడు చిన్న పనులున్నాయి. డ్రైవరు సాఫ్ట్‌వేరులో సెంటరింగ్ స్ప్రింగ్ ఆపాలి, లేకపోతే ఆ బూటకపు లాగుడు అసలుదానితో కలిసిపోతుంది. చక్రం ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో ఆటలోనూ అదే అంకె ఉండాలి. బల్ల ఊగకూడదు, ఊగితే చిన్న అదుర్లను బల్లే మింగేస్తుంది. మేము బల్లను గోడకు ఆనించి బిగించాము.

తర్వాత పరీక్ష పెట్టాము. ఒకే కారు, ఒకే మలుపు. "చక్రం తేలికైతే నోటితో చెప్పు నాయనా" అన్నాము. మేము స్క్రీన్ చూస్తూ కూర్చున్నాము. పదిసార్లలో ఏడుసార్లు, కారు జారడం మా కంటికి కనబడకముందే వాడు "ఇప్పుడు" అన్నాడు. ఇక ఆ చేతికి తెలివి లేదని ఎవరంటారు?

పెద్ద చక్రం దండగ అనడం లేదు. డైరెక్ట్ డ్రైవ్ రకంలో మోటారుకే నేరుగా చక్రం తగిలిస్తారు. మధ్యలో గేర్లు, బెల్టు ఉండవు. బలం గేర్ల చక్రాలకన్నా ఎక్కువ, కొన్నింటిలో చాలా పైకి పోతుంది. చిన్న అదురు కూడా చేతికి బాగా తెలుస్తుంది. కానీ అందులోనూ గెయిన్ సరిగా పెట్టకపోతే క్లిప్పింగ్ వస్తుంది. పైగా కారు గుద్దుకున్నప్పుడు ఆ మోటారు పిల్లల బొటనవేళ్లను విరిచేంత గట్టిగా తిప్పగలదు. వేళ్లు ఊచల మధ్య పెట్టనివ్వకండి.

స్పీడ్‌వేకు పేరిచ్చిన మన ఊరి ఎస్. కరివర్ధన్ గారు మారుతి ఇంజిన్‌తోనే తక్కువ ఖర్చు ఒంటి సీటు రేసు కార్లు చేసి ఎందరికో దారి చూపించారు. ఉన్న వస్తువునుంచి ఎంత రాబట్టగలమో చూడడం మన ఊరికి కొత్త కాదు.

మా ఇంట్లో అప్పు మాట ఆగింది. మనవడు రోజూ గంటసేపు ఆడుతున్నాడు. మీ ఇంట్లో కూడా పిల్లలెవరైనా "నాకు రాదు" అని చక్రాన్ని పెట్టెలో పెట్టి ఉంటే, అటక ఎక్కించకముందు మాకు ఒక ఫోను చేయండి. ఆదివారం సాయంత్రం మనవణ్ణి వెంటబెట్టుకుని వస్తాము.