అందరి రిపోర్టూ చదువుతాం, మరి మనది?

పిల్లాడికి రెండు రోజులు జ్వరం తగ్గకపోతే మనం ఊరుకుంటామా? వెంటనే రక్తపరీక్ష చేయిస్తాం. డెంగ్యూ రోజుల్లో అయితే ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో పొద్దునా సాయంత్రమూ కనుక్కుంటాం. అత్తగారి షుగరు, మామగారి క్రియాటినిన్, ఆయన కొలెస్ట్రాలు అన్నీ మనకు నోటికొచ్చు. మరి మీ హిమోగ్లోబిన్ ఎంతో చప్పున చెప్పగలరా? కాన్పు నాటి అంకె తప్ప మరోటి తెలియనివాళ్లే మనలో ఎక్కువ. అందుకే ఈ వారం మన రక్తం సంగతి కాస్త చెప్పుకుందాం.

మజ్జిగ కదపకుండా ఉంచితే పైన తేట, అడుగున చిక్కటిది చేరుతుంది కదా! గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టంలో రక్తాన్ని ఉంచినా అంతే. పైన తేరే లేత పసుపు ద్రవం ప్లాస్మా. మొత్తం రక్తంలో సగం కన్నా కాస్త ఎక్కువే ఇది. అందులో నూటికి తొంభై వంతులు నీరే. మనం తిన్న తిండిలోని సారాన్నీ, లవణాలనూ, హార్మోన్లనూ ఒళ్లంతా చేరవేసేది ఈ నీరే.

మధ్యలో పలుచటి తెల్లని పొర కనిపిస్తుంది. అందులో ఉండేవి తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు. రోగక్రిములతో పోరాడేవి తెల్ల కణాలు. కూర తరుగుతుంటే వేలు తెగిందనుకోండి, ప్లేట్‌లెట్లు పరుగున వచ్చి ఆ గాటును మూసేస్తాయి. ఆపైన ప్లాస్మాలోని ప్రొటీన్లు దారాల్లా అల్లుకుని దాన్ని గట్టిపరుస్తాయి.

ఇక అడుగున చేరేవి ఎర్ర కణాలు. వీటిలోని హిమోగ్లోబినే ప్రాణవాయువును ఒంట్లో మూలమూలకీ మోసుకెళుతుంది. అది తయారు కావాలంటే ఇనుము కావాలి. ఒక్కో ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఎముకల్లోని మూలుగ ఎప్పటికప్పుడు కొత్తవి తయారుచేస్తూనే ఉంటుంది. మన ఒళ్లు ఎంత పొదుపరో చూడండి! పాత కణం చితికిపోయినా దానిలోని ఇనుమును పారేయదు, కొత్తదానికి వాడుకుంటుంది. కానీ నెలనెలా బహిష్టులో పోయే ఇనుము తిరిగి రాదు. దాన్ని తిండితోనే పూడ్చుకోవాలి. మనమేమో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తిని లేస్తాం!

ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకి తగ్గకూడదు, గర్భిణులకి 11కి తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందుకు తీసిపోలేదు. మా కాలనీలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడు ఆడవాళ్లం ఉత్సాహంగా వరుస కట్టాం. రక్తం ఇవ్వాలంటే 12.5 ఉండాలి. సూదిపోటు పరీక్షలోనే చాలామందిని వెనక్కి పంపేశారు. "ఇద్దామని మనసుంది గానీ ఒంట్లో ఉండొద్దూ!" అని నవ్వేసింది మా పక్కింటావిడ. మెట్లెక్కితే ఆయాసం వయసు వల్లేననుకుంటోందట ఇన్నాళ్లూ.

ఇనుము ఒక్కటే చాలదు. ఇంగ్లండు డాక్టరు లూసీ విల్స్ బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. అందులోని గుణమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. దాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడెవరో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే! గర్భిణులకిచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఇదీ ఉంటుంది.

మరి ఏం చేయాలంటారా? ఆకుకూరలు వండుకోండి, ఉడికించిన నీళ్లు పారబోయకండి. పప్పుధాన్యాలు, నువ్వులు తినండి. అలవాటుంటే గుడ్లు, చేపలు, కాలేయం మరీ మంచివి. భోజనంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే కాఫీ, టీ వద్దు. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కదా అని అదే రక్తమైపోతుందనుకోకండి. బహిష్టు మరీ ఎక్కువగా అవుతున్నా, కడుపులో నులిపురుగులున్నా ఎంత తిన్నా నిలవదు, డాక్టరుకి చూపించుకోండి.

డాక్టరు రాసిన ఇనుము మాత్రలు వేడి చేస్తాయని మధ్యలో మానేసేవాళ్లున్నారు. వికారంగా ఉంటే ఆ మాటే డాక్టరుకి చెప్పండి, మందు మారుస్తారు. విరేచనం నల్లగా అయినా కంగారు పడకండి, అది ఆ మాత్ర గుణం. హిమోగ్లోబిన్ 12 దాటిందని సొంతంగా ఆపేయకండి, ఒంట్లో నిల్వ కూడా నిండాలి కదా! డబ్బా అడుగు కనబడకముందే బియ్యం తెప్పించుకునే మనకి ఈ సంగతి వేరే చెప్పాలా?