అమీర్‌పేటలో టోకెన్ పాఠం

హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్, బ్లూ లైన్ కలిసేది అమీర్‌పేటలో. స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో పాంప్లెట్ పడుతుంది. జావా, పైథాన్, డాట్‌నెట్, ఫుల్ స్టాక్... తలెత్తితే అవే బ్యానర్లు. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఏ మెట్లెక్కినా ఏదో ఒక క్లాసు నడుస్తూనే ఉంటుంది. పొద్దున్న ఏడింటికే బ్యాచ్ మొదలు. డెమో ఫ్రీ కాబట్టి నాలుగు చోట్ల విన్నాకే ఫీజు కట్టండి.

నేను చేరింది డాట్‌నెట్‌లో. మొదట విండోస్ ఫామ్స్. బటన్‌ని మౌస్‌తో లాగి ఫామ్ మీద పెట్టి, డబుల్ క్లిక్ చేసి కోడ్ రాస్తే కిరాణా కొట్టు బిల్లు వచ్చేసింది. ప్రోగ్రామూ డేటా అన్నీ ఒకే కంప్యూటర్లో. కాకపోతే చిన్న మార్పు చేసినా వాడే ప్రతి కంప్యూటర్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

వెబ్‌లో ఆ బాధ లేదు. సర్వర్లో మారిస్తే అందరికీ మారుతుంది. కానీ లాగిన్ అయ్యి రెండో పేజీకి వెళ్లగానే సర్వర్ ‘నువ్వెవరు?’ అంటుంది. హెచ్‌టీటీపీకి జ్ఞాపకం ఉండదు. ఒక్కో రిక్వెస్టూ దానికి కొత్తదే. మా సార్ కిటికీలోంచి కింద టిఫిన్ సెంటర్ చూపించారు. ‘‘దోసెలేసే ఆయనకి నీ మొహం గుర్తుండదు. టోకెన్ చూసి ప్లేటిస్తాడు. కుకీ అంటే ఆ టోకెనే’’ అన్నారు. ఇప్పటికీ కొత్తవాళ్లకి నేను అలాగే చెప్తాను.

ఈ వీధిలో ఇంకో సరుకూ దొరుకుతుంది: లేని ఎక్స్‌పీరియెన్స్. ఎస్సార్ నగర్ హాస్టల్లో నా రూమ్మేట్‌కి డిగ్రీ అయ్యి రెండేళ్ల గ్యాప్. ‘‘రెజ్యూమెలో మూడేళ్లు పెడతాం, డబ్బు కట్టు’’ అని ఒకచోట అడిగారు. ఇంట్లో నాన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘‘ఏమైందిరా?’’ అనేవారు. వాడు రెండ్రోజులు సరిగ్గా తిండి తినలేదు. మూడో రోజు వద్దనుకున్నాడు. పీఎఫ్ రికార్డు అడిగితే ఏం చూపించాలన్నది ఒక భయం. రోజూ ఆఫీసులో నటించాలన్నది ఇంకా పెద్ద భయం.

బదులుగా ఆ కిరాణా బిల్లు ప్రోగ్రామ్‌నే వెబ్‌లోకి మార్చి గిట్‌హబ్‌లో పెట్టాడు. ఉద్యోగానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది, జీతమూ తక్కువే. ఇంటర్వ్యూలో ‘‘సెషన్ ఎక్స్‌పైర్ అయితే బిల్లు ఏమవుతుంది?’’ అని అడిగారట. వాడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు.