అరవై నెలల వెనక్కి

మొన్న మంగళవారం మా కౌంటీ ఆఫీసు నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. అమ్మ బ్యాంకు ఖాతాలో నాలుగు పద్దులకు పసుపు గీతలు పెట్టి, ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న అడిగారు: ఈ డబ్బుకు బదులుగా ఆమె ఏం పొందారు? పది రోజుల్లో ఆధారాలతో జవాబివ్వాలట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మకు 81 ఏళ్ళు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అదృష్టం, మాట పోలేదు. ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక నర్సింగ్ హోమ్‌లో కోలుకోవడానికి ఇక్కడ అమెరికాలో ముసలివాళ్ళ ప్రభుత్వ బీమా మెడికేర్ ఇచ్చేది మహా అయితే 100 రోజులు, అందులో పూర్తిగా భరించేది మొదటి 20 రోజులే. ఆ పైన ఏళ్ళ తరబడి లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, అన్నం తినిపించాలంటే పేదల కోసం ఉన్న ప్రభుత్వ పథకం మెడికెయిడ్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి. నెలకు బిల్లు 12,000 డాలర్లు. నాన్న పోయాక తెనాలి ఇల్లు అమ్మి తెచ్చుకున్న డబ్బు ఏడు నెలలు తిరక్కుండా ఐపోయింది. ఖాతా 2,000 డాలర్లకు దిగితేగానీ మా రాష్ట్రంలో అర్హత రాదు. ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఉన్నంతవరకూ మన డబ్బు పెట్టుకోవాలి, అయిపోయాక ప్రభుత్వం చూడాలి. న్యాయమే.

నా బాధంతా ఆ అరవై నెలలతోనే. దరఖాస్తు నుంచి అయిదేళ్ళు వెనక్కి వెళ్ళి ప్రతి డాలరూ చూస్తారు. మామూలుగా మూడేళ్ళుండేది, 2006లో అయిదు చేశారు. ఆస్తి పిల్లల పేర పెట్టేసి పేదలమంటూ వచ్చేవాళ్ళను ఆపడానికి. ఊరికే ఇచ్చిందంతా కూడి, నర్సింగ్ హోమ్ సగటు ఖర్చుతో భాగిస్తారు. ఎన్ని రోజులొస్తే అన్ని రోజులు ప్రభుత్వం పైసా ఇవ్వదు. ఆ రోజులు మొదలయ్యేది డబ్బు ఇచ్చిన నాటి నుంచి కాదు. మనిషి మంచాన పడి, చేతిలో చిల్లిగవ్వ లేని రోజు నుంచి. ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చదివినా నాకు మింగుడు పడదు.

ఇంతకీ ఆ నాలుగు పద్దులేమిటి? గుడికి 116. మనవడి గ్రాడ్యుయేషన్‌కి 1,116. మనవరాలి పెళ్ళికి 5,000. తెనాలిలో పిన్ని గుండె ఆపరేషన్‌కి 8,000. మనవరాలికి అక్షింతలు వేసి అమ్మ చేతిలో పెట్టిన చదివింపు ఉత్తరంలో 'ఆస్తి బదలాయింపు' అయింది.

కేస్‌వర్కర్ మంచి మనిషి. వాళ్ళమ్మా నర్సింగ్ హోమ్‌లోనే ఉందట. "మీ మాట నమ్ముతాను, కాగితం ఉంటే పంపండి" అంది. అమ్మ ఒళ్ళు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి వచ్చి పక్కకు తిప్పే అమ్మాయి ఏ దేశం నుంచి వచ్చిందో! 1965లో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన మెడికెయిడ్ చట్టం తెనాలి నుంచి వచ్చిన ఓ ముసలమ్మకు ఇంత చెయ్యగలగడం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ తమ్ముడు ఫోన్లో, "మనూళ్ళో మంచాన పడ్డవాళ్ళకు 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను, ఇంటికే తెచ్చిస్తున్నారన్నయ్యా, అయిదేళ్ళ ఖాతా ఎవరడుగుతారు?" అంటే నా గొంతూ వాడి గొంతులో కలుస్తుంది. ఆ 15,000తో రాత్రిళ్ళు పక్కకు తిప్పే మనిషి దొరుకుతుందా అని మాత్రం వాణ్ణి అడగలేదు.

లెక్క మనమూ రాస్తాం. 1991లో నా పెళ్ళికి మామయ్య పందిట్లో కూర్చుని చదివింపుల పుస్తకం రాశాడు. ఎవరు 11, ఎవరు 51, ఎవరు స్టీలు బిందె. అమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో దాచింది. ఎవరింట్లో శుభకార్యమైనా తీసి, వేలితో పేరు వెతికి, దానికి కాస్త కలిపి తిరిగి చదివించేది. పిన్ని పేరు ఎదురుగా అందులో ఏమీ లేదు. ఆమె ఇచ్చింది అంతకు రెండేళ్ళ ముందే. నా అమెరికా టికెట్టుకు డబ్బు చాలకపోతే నాలుగు జతల బంగారు గాజులు తాకట్టు పెట్టింది. మేం విడిపించేలోపు వేలంలో పోయాయి. ఎవరూ కాగితం రాసుకోలేదు, అక్కాచెల్లెళ్ళు కదా.

ఆదివారం అమ్మకు ఉత్తరం సంగతి చెప్పాను. కాసేపు కళ్ళు మూసుకుంది. "ఎనిమిది వేలూ దానం చేశానంటున్నారా నాయనా? పిన్నికి మనం ఇంకా బాకీనే" అంది.

ఆ నాలుగు పద్దులూ కూడి భాగిస్తే వచ్చేది నలభై రోజుల లోపే, ఆ ఖర్చు ఎలాగూ నేనే కడతాను. జవాబు మాత్రం రాశాను. పిన్ని పద్దు ఎదురుగా, 'బదులుగా పొందినది' అన్న గడిలో: నాలుగు జతల బంగారు గాజులు, 1989. ఆధారం కింద నా పెళ్ళి ఫోటో జతచేశాను. వరసగా నిలబడ్డ ఆడవాళ్ళందరి చేతులకూ బంగారం ఉంది. అమ్మ పక్కన పిన్ని, రెండు చేతులకూ ఆకుపచ్చ మట్టిగాజులు.