పదమూడో నెల వాన

శ్రీవిజయపురం

ప్రియమైన పాఠకులకు,

అరేల మీద మీరు రాసి పంపిన సి ప్రోగ్రాములన్నీ చదివాను. చాలావాటిలో తప్పు ఒకటే. అందుకే ఈసారి కొత్త పాఠం లేదు.

మన అండమాన్ దీవుల్లో వానకేం కొదవ! పన్నెండు నెలల వర్షపాతాన్ని పన్నెండు గదుల వాన[12] అనే అరేలో పెట్టి మొత్తం కూడమన్నాను. ఎక్కువమంది రాసిన లూపు ఇదీ: ఐ = 0; ఐ <= 12; ఐ++. సున్నా నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టండి, పదమూడు చుట్లు. జనవరి 0వ గదిలో ఉంటే, డిసెంబరు 11వ గదితోనే అయిపోయింది. వాన[12] అనే గది లేనే లేదు. అయినా సి నోరు మెదపదు. ఆ పక్క మెమరీలో ఏముంటే దాన్నే వాన కింద కూడేస్తుంది. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపుదిద్దిన ఈ భాషలో హద్దులు చూసుకునే పూచీ ప్రోగ్రాము రాసేవాళ్లదే.

మొత్తం కోట్లలో వచ్చిందా, అదృష్టం, తప్పు దొరికింది. పక్కన సున్నా ఉందనుకోండి, జవాబు సరిగ్గానే వస్తుంది. ఇంట్లో నడిచిన ప్రోగ్రాము ల్యాబ్‌లో ఎందుకు చెడిందని అప్పుడు తల పట్టుకుంటారు. నన్నడిగితే, సరైన జవాబిచ్చే తప్పు ప్రోగ్రామంత ప్రమాదం ఇంకొకటి లేదు.

నైరుతి రుతుపవనాలు మే నెలలో ముందు మన దగ్గరికే వస్తాయి కదా. ఆ మే వాన చూపించమంటే కొందరు వాన[5] ముద్రించారు. అది జూన్! ఇక్కడ హద్దేమీ దాటలేదు గనక ఏ పరికరమూ పట్టుకోదు.

హద్దు దాటినప్పుడైతే జీసీసీ కంపైలరులో అడ్రస్ శానిటైజర్ అనే పరికరం ఉంది. దాన్ని పెట్టి కంపైల్ చేస్తే, వాన[12]ని ముట్టుకోగానే ప్రోగ్రాము ఆగిపోతుంది. డీబగ్ ఆప్షన్ కూడా ఇస్తే లైను నంబరు సహా చెబుతుంది. సొంత కంప్యూటరు లేదని దిగులు వద్దు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ ఇంటర్నెట్ కేబులు వచ్చింది కదా, ఫోన్‌లోనే ఆన్‌లైన్ కంపైలరు తెరవండి.

ముందు మాత్రం కాగితం తీయండి. ఐ, వాన[ఐ], మొత్తం అని మూడు నిలువు గడులు గీసి, మొదటి రెండు చుట్లు, చివరి రెండు చుట్లు చేత్తో నడపండి. మధ్యవి వదిలేయొచ్చు, ఈ జాతి తప్పులు అంచుల్లోనే కాపురముంటాయి. మొదటి వరుస రాస్తుండగానే ఇంకొకటీ బయటపడుతుంది: మొత్తం = 0 అని పెట్టడం మరిచారేమో.

వచ్చే ఉత్తరానికి, ఎక్కువ వాన కురిసిన నెల కనుక్కోండి. గరిష్ఠం = 0తో మొదలుపెట్టకండి, వాన[0]తో పెట్టండి. వానకైతే సున్నాతోనూ గడిచిపోతుంది. సున్నాతో మొదలయ్యే ఆ ప్రోగ్రాముకే, చలికి పేరుపడ్డ ద్రాస్‌లో జనవరి రాత్రుల ఉష్ణోగ్రతలు ఇచ్చి, ఏం జరిగిందో నాకు రాయండి.

మీ
సి మాస్టారు