చక్రాల ఇంట్లో... కచ్‌ తీరానికి!

ఒకపక్క ఎడారి, మరోపక్క సముద్రం. మధ్యలో వంటా, పడకా అన్నీ వ్యానులోనే! వారం రోజుల ఆ కాపురం కబుర్లే ఇవి...

నల్లగండ్లలో మా ఫ్లాటు ఏడో అంతస్తులో. మావారిది రాత్రి షిఫ్టు, నాది పగటి ఉద్యోగం. ఆయన పడుకునే వేళకి నేను లేస్తాను. ఫ్రిజ్‌ మీద అంటించే కాగితాలే మా కబుర్లు. ‘పాలు తెచ్చాను’, ‘ట్యాంకర్‌ డబ్బులు ఇచ్చేశాను’... ఇలా! ఒకరోజు ఆ కాగితం మీద ‘ఓ వారం ఎక్కడికైనా పోదామా?’ అని ఉంది. ఒప్పుకోవడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

బాబుని అమ్మ దగ్గర వదిలి, అహ్మదాబాద్‌ దాకా రైల్లో వెళ్లాం. అక్కడ ఓ క్యారవాన్‌ అద్దెకు తీసుకున్నాం. పగలు సీట్లుగా ఉండేవి రాత్రికి మంచమవుతాయి. వెనకాల చిన్న గ్యాస్‌ పొయ్యి, సింకు, ఎనభై లీటర్ల నీళ్ల ట్యాంకు. ‘ఇదేం కొత్త? మీ తాతయ్య తిరునాళ్లకి గూడుబండి కట్టించి బియ్యం, గిన్నెలు, పరుపులు అందులోనే వేసేవారు’ అంది అమ్మ ఫోన్లో. నిజమే, ఎద్దులకు బదులు డీజిల్‌ ఇంజిన్‌... అంతే తేడా!

పడవలు పుట్టే ఊరు

అహ్మదాబాద్‌ నుంచి భుజ్‌ మూడొందల ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంతో దేశమంతటికీ తెలిసిన ఊరు. అక్కడ ఓ రాత్రి ఆగి, పొద్దున్నే మరో అరవై కిలోమీటర్లు వెళ్తే మాండ్వి. రుక్మావతి నది ఒడ్డున మూడు నాలుగంతస్తుల ఎత్తున చెక్క ఓడలు కనిపిస్తాయి. దాదాపు నాలుగు వందల ఏళ్లుగా ఇక్కడ చేత్తోనే ఓడలు కడుతున్నారు. ఒక్కోటి పూర్తవడానికి ఏళ్లు పడుతుందట.

సాయంత్రం సముద్రపు ఒడ్డున దాబేలీ తిన్నాం. దాబేలీ అంటే ‘నొక్కినది’ అని అర్థం. బన్నులో తీపీ కారమూ కలిసిన బంగాళదుంప కూర, వేయించిన పల్లీలు, దానిమ్మ గింజలు పెట్టి నొక్కి ఇస్తారు. పుట్టిల్లు మాండ్వీయే కదా... ఆ రుచి ఇంకెక్కడా రాదు!

ఖాళీ అయిన ట్యాంకు

మూడో రోజు నారాయణ్‌ సరోవర్‌ వైపు బయల్దేరాం. దారి పొడవునా సర్కారు తుమ్మ పొదలు, దుమ్ము, అప్పుడప్పుడూ గేదెల మందలు. చలికాలమే అయినా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. తలస్నానం చేసి, గిన్నెలు కూడా కడిగేద్దామని కొళాయి తిప్పాను. రెండు చుక్కలు రాలి ఆగిపోయింది.

‘పొద్దున కొళాయి కట్టకుండా పళ్లు తోముకున్నదెవరు?’ అన్నాను. ‘నిన్న బట్టలు ఉతికిందెవరు?’ అన్నారాయన. మాటా మాటా పెరిగింది. కోపమొస్తే మా ఇంట్లో చెరో గదిలోకి పోతాం. ఇక్కడ ఉన్నది ఒకటే గది! అరగంట మౌనం తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

దగ్గర్లో ఓ పల్లె కనిపిస్తే బిందె పట్టుకుని వెళ్లాం. నల్లటి ఊలు ఓణీ కప్పుకున్న ఓ పెద్దావిడ ముందు మజ్జిగ ఇచ్చింది, తర్వాతే నీళ్లు. వచ్చీరాని హిందీలో, ‘మీ ఊళ్లో నీళ్లు ఉన్నాయా?’ అనడిగింది. ‘మా ఇంటి దగ్గరే పెద్ద చెరువుంది. వేసవిలో మాత్రం ట్యాంకర్లు కొనుక్కుంటాం’ అన్నాను. ఆవిడ అయోమయంగా చూసి, ‘చెరువుంటే ట్యాంకరెందుకు?’ అంది. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

గీత కనపడని సముద్రం

మానస సరోవరం, పంపా సరోవరాలతో పాటు పంచ సరోవరాల్లో నారాయణ్‌ సరోవర్‌ ఒకటి. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో కోటేశ్వరాలయం. గుడి గోడ దిగితే సముద్రమే. దానికి అవతల పాకిస్థాన్‌. నీళ్ల మీద మాత్రం ఏ గీతా కనపడదు. 2018 నవంబరులో గుజరాత్‌ పడవల్లో వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఇలాంటి గీత దాటారనే పాక్‌ అధికారులకు చిక్కారు. వాళ్లలో ఇరవై మంది విడుదలై స్వదేశం చేరింది 2020 జనవరిలో! వాళ్లు బయల్దేరిన వెరావల్‌ రేవు ఇక్కడికి దూరమే. అయినా ఆ నీళ్లు చూస్తుంటే వాళ్లే గుర్తొచ్చారు.

ఈ తీరంలోనే ఖారాయ్‌ ఒంటెలుంటాయి. ఉప్పునీటి పాయల్లో ఈదుకుంటూ వెళ్లి మడ ఆకులు మేస్తాయి. 2015లో వీటిని ప్రత్యేక జాతిగా గుర్తించారు. మేం చూసినప్పుడు మాత్రం గట్టు మీద తీరిగ్గా నెమరేస్తున్నాయి!

నది వదిలేసిన నగరం

లఖ్‌పత్‌ కోట గోడ చుట్టుకొలత ఏడు కిలోమీటర్లు. లోపల మాత్రం గాలి, నిశ్శబ్దం, కొద్దిపాటి ఇళ్లు. ఒకప్పుడు ఇక్కడి రేవు మీద రోజుకు లక్ష కోరీల ఆదాయం వచ్చేదట. కోరీ అంటే కచ్‌ సంస్థానపు వెండి నాణెం. ఊరి పేరు అందుకే వచ్చిందంటారు. సింధు నది పాయ ఇటు పారే రోజుల్లో వరి కూడా పండేది. 1819 జూన్‌లో వచ్చిన భూకంపానికి ఉత్తరాన నేల కట్టలా పైకి లేచింది. దాన్నే అల్లాబండ్‌ అంటారు. ఆ తర్వాత నీళ్లు ఇటు రాలేదు. నీళ్ల వెనకే జనమూ వెళ్లిపోయారు.

కోట గోడెక్కి కూర్చున్నాం. చాలాసేపటికి మావారు, ‘మనం ఫ్లాటు కొనేటప్పుడు ఎన్ని లిఫ్టులని అడిగాం, ఎన్ని కార్లు పడతాయని అడిగాం. బోరు లోతు ఎంతని అడిగామా?’ అన్నారు. ఆ రాత్రి వ్యాను తలుపు తీసిపెట్టి, చుక్కల కింద ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో! ఇల్లు, అప్పు, బాబు చదువు, ఆయన షిఫ్టు... తొమ్మిదేళ్ల బాకీ!

తెల్లటి దారి

చివరి మజిలీ ధోలావీరా. ఖావడా దాటాక ముప్ఫై కిలోమీటర్ల దారి తెల్లటి ఉప్పు మైదానం మధ్యలోంచి పోతుంది. రెండువైపులా తెలుపే. ఆకాశమెక్కడ మొదలైందో తెలియదు! దారి చివర నాలుగున్నర వేల ఏళ్ల నాటి హరప్పా నగరం. 2021లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది. రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, వాననీటిని మళ్లించి, రాతిని తొలిచిన జలాశయాల్లో దాచుకున్నారు వాళ్లు. వాటి మెట్ల దగ్గర నిలబడితే ఆ పెద్దావిడ ప్రశ్న మళ్లీ వినిపించింది.

మేం ఇంటికొచ్చి నెల దాటింది. మావారు ఇప్పుడు మగ్గులో నీళ్లు పెట్టుకునే గడ్డం గీసుకుంటున్నారు. ఫ్రిజ్‌ మీద కాగితాలు తగ్గాయి. ఇన్నేళ్లూ బాల్కనీలోంచి చూడటమే తప్ప ఏనాడూ వెళ్లని చెరువుగట్టుకి, ఆదివారం సాయంత్రాలు ముగ్గురం నడిచి వెళ్తున్నాం.

వెళ్లాలంటే: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. భుజ్‌కి రైలు, విమాన సౌకర్యం ఉంది. ధోర్డో దగ్గరి తెల్ల ఎడారికి పర్మిట్‌ తీసుకోవాలి. పగలు ఎండగా ఉన్నా రాత్రుళ్లు చలేస్తుంది, దుప్పట్లు మరవొద్దు. నీళ్ల ట్యాంకు కనిపించిన ప్రతి ఊళ్లోనూ నింపుకోండి... అడిగితే కాదనేవాళ్లు మాకైతే ఎక్కడా తగల్లేదు!