సర్వే నంబరొక్కటే చాలదు



కౌలు లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నామంటూ రాజోలు, కొత్తపేట వైపు నుంచి మీరు అడిగేవన్నీ చివరికి ఒక్కచోటికే వస్తున్నాయి: ఒక పట్టికలో ఉన్న మనిషిని ఇంకో పట్టికలో ఉన్న భూమికి ఎలా కలపాలి? ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు పేరుతో కలపడం సంగతి. మన వైపు తాత పేరు మనవడికి పెడతాం. అన్నదమ్ముల పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి అదే పేరు, అదే ఇంటిపేరు, అదే ఊరు. తండ్రి పేరు కలిపితే కొంత తేలుతుంది గానీ, ఒక రిజిస్టరులో సత్యనారాయణ అనీ ఇంకోదాంట్లో సత్తిబాబు అనీ రాసి ఉంటే కంప్యూటరుకు వాళ్లు ఇద్దరు మనుషులే. ఫోన్ నంబరు రేపు మారొచ్చు, ఇంటిల్లిపాదికీ ఒకటే కావచ్చు.

సర్వే నంబరు పట్టుకుందామా? అది ఏ ఊరికి ఆ ఊరి వరుస. 45 మీ ఊళ్లోనూ ఉంటుంది, పక్క ఊళ్లోనూ ఉంటుంది. ఊరూ నంబరూ కలిస్తేనే భూమి ముక్క తేలుతుంది. అదీ నిలకడగా ఉండదు. పంపకాలయ్యాక 45/2 కాస్తా 45/2ఏ, 45/2బి అవుతుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. ప్రతి భూభాగానికీ తనదైన సంఖ్య ఉండాలనే ఆలోచనతోనే 2018లో ఆంధ్రప్రదేశ్ 11 అంకెల భూధార్ సంఖ్య తెచ్చింది. మీ పట్టికలోనూ అదే చేయండి. ప్రతి మనిషికీ, ప్రతి ముక్కకీ ఏ అర్థమూ లేని, ఎన్నటికీ మారని సంఖ్య ఒకటి ఇవ్వండి. అదే ప్రైమరీ కీ. సర్వే నంబరు మామూలు కాలమ్‌గా పక్కన ఉంటుంది, మారితే దిద్దుకుంటారు.

ఇక అసలు చిక్కు. ఒకే ఖాతాలో నాలుగైదు సర్వే నంబర్లు ఉంటాయి, ఒకే సర్వే నంబరులో నలుగురైదుగురు పట్టాదారులు ఉంటారు. 1-బి రిజిస్టరు తీస్తే మనిషి వైపు నుంచి చూస్తాం, అడంగల్ తీస్తే భూమి వైపు నుంచి. కౌలులోనూ అంతే. చాలామంది, మనుషుల పట్టికలోనే ముక్క1, ముక్క2, ముక్క3 అని కాలమ్‌లు పెడతారు. నాలుగో ముక్క వచ్చిన రోజున పని ఆగిపోతుంది. దీనికి మనుషుల పట్టిక, ముక్కల పట్టిక కాక మూడో పట్టిక కావాలి. కౌలు అని పేరు పెట్టండి. అందులో ముక్క సంఖ్య, ఇచ్చినవారి సంఖ్య, తీసుకున్నవారి సంఖ్య, మొదలైన తేదీ, ముగిసే తేదీ. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలకు. ఆ తేదీలు మనిషివీ కావు, భూమివీ కావు, ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ మధ్య కుదిరిన ఒప్పందానివి. అందుకే వాటి చోటు ఇక్కడే. ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఒకే మనుషుల పట్టికలోంచి రావాలి, ఎందుకంటే ఒకచోట కౌలుకిచ్చిన ఆసామే మరోచోట కౌలుకు చేస్తుంటాడు.

ఇలా పట్టికల్లో రాసిన విలువల ద్వారానే పట్టికలను కలపవచ్చని 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసంలో చూపించారు. ఇవాళ మనం వాడే డేటాబేస్‌లు ఎక్కువ భాగం ఆ వ్యాసం నుంచి పుట్టినవే.

పట్టికలు ఇప్పటికే నింపేసినవారు ముందు బ్యాకప్ తీసుకోండి. మనుషుల పట్టికకు సంఖ్య కాలమ్ చేర్చి, సంఖ్యలు వేయడం డేటాబేస్‌కే వదిలేయండి. కౌలు పట్టికలో ఖాళీ కాలమ్‌లు చేర్చి పేరు, తండ్రి పేరు, ఊరు సరిచూసి నింపండి. కొన్ని ఎవరికీ కలవవు, కొన్ని ఇద్దరికి కలుస్తాయి. వాటిని ఊహతో పూరించకండి, జాబితా తీసుకుని ఊళ్లోకి వెళ్లి అడగండి. నా దృష్టిలో మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. ఆ తర్వాతే ఫారిన్ కీ, అంటే కౌలు పట్టికలోని సంఖ్య మనుషుల పట్టికలో ఉండి తీరాలనే నియమం, పెట్టండి. లేని మనిషి సంఖ్య ఎక్కడైనా ఉంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒప్పుకోదు. ఖాళీగా వదిలిన గడిని మాత్రం ఒప్పుకుంటుంది, కాబట్టి ఖాళీ కూడదనే నాట్ నల్ నియమం కూడా చేర్చాలి. ఎస్‌క్యూలైట్ వాడేవారు ఫారిన్ కీ తనిఖీని ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చేసుకోవాలి.

లంక గ్రామాలవారికి ఒక మాట. గోదావరి కోతకు భూమి పోయిందని ఆ ముక్క వరుసను తుడిచేయబోతే డేటాబేస్ అడ్డుపడుతుంది, పాత కౌళ్లు దానిమీద ఆధారపడి ఉన్నాయి గనుక. విసుగొచ్చి ఫారిన్ కీకి క్యాస్కేడ్ తొలగింపు పెట్టకండి. ముక్కతో పాటు ఆ కౌళ్లన్నీ చెరిగిపోతాయి. రేపు పరిహారం అడిగేటప్పుడు ఫలానా కౌలుదారు అక్కడ సాగు చేశాడని చూపడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. ముక్కల పట్టికలో 'కోతకు పోయిన తేదీ' అని ఇంకో కాలమ్ చేర్చండి, వరుసను అలాగే ఉంచండి.

ఇట్లు,
మీ మిత్రుడు,
అమలాపురం