మంచు ఒక్కటే చాలదు

నార్వే రచయిత జో నెస్బో క్రైం నవల ‘ది స్నోమ్యాన్’ (2007) మీద ఇంత హడావుడి ఎందుకో నాకు అర్థం కాలేదు. తొలి మంచు పడే వేళ తల్లులు మాయమవుతుంటారు, ఇంటి ముందు మంచుబొమ్మ నిలబడి ఉంటుంది. భయపెట్టే ఎత్తుగడే, కాదనను. కానీ డిటెక్టివ్ హ్యారీ హూలె తాగుడుతో కుమిలిపోవడం, హంతకుడి కారణమంతా చిన్ననాటి గాయంలో తేలడం చూస్తే, ఆ నేరానికీ నార్వేకీ సంబంధమే కనిపించదు. చలే కథకు బలమైతే మన తెలంగాణలోని సిర్పూర్ (యు) చాలదా? అక్కడా చలికాలంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది.

ఈ నార్డిక్ క్రైం నవలల తరహాకు దారి వేసిన మై షోవాల్, పేర్ వాలూ జంట 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాసింది. హత్య సాకు, స్వీడన్ సంక్షేమ రాజ్యం లోపల ఏం కుళ్ళుతోందో చూపడం అసలు పని. క్రైం నవలలో సమాజం ఎందుకు, నిద్ర పట్టనివ్వకపోతే చాలదా అంటారు. చాలు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను మనవాళ్ళు చదివింది ఆ సరదాకే. ఆయన మాత్రం లోతు ఉందని బడాయి పోలేదు. పైగా సమాజాన్ని చూపితే పట్టు పోతుందనీ లేదు: షోవాల్, వాలూల ‘రోసన్నా’లో కాలువ పూడిక తీస్తుంటే దొరికిన శవం ఎవరిదో తేలడానికే నెలలు పడుతుంది, అయినా పట్టు సడలదు. మన కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో మూతబడి 2018లో తెరుచుకుంది. ఆ జంట ఇక్కడ పుట్టుంటే హత్యను ఆ నాలుగేళ్ళలోనే పెట్టేవాళ్ళు. కొత్తగా చదవాలనుకునేవాళ్ళు ‘రోసన్నా’తో మొదలుపెట్టండి.